రాత పైలం

మట్టయ్య తన ఇండికా కారుకు రంగు వేయించక తప్పదన్న మాటను దిల్‌సుఖ్‌నగర్‌లో ట్రావెల్స్ నడిపే అంతయ్య అతని మొహం మీదే చెప్పేశాడు. అంతయ్యది మొహమాటం పడే నోరు కాదు.

“మట్టన్నా, నీ బండిని పెండ్లికి పంపిన్ననుకో, పెండ్లికొడుకు దిగి ఆటో ఎక్కుతడు. కార్తీకంల ముహూర్తాలు మస్తున్నయి. రంగేయించుకొని రా, నెలంత కిరాయిలిస్త. లేదంటే నన్ను పరేషాన్ జెయ్యకు.”

అన్నాడని కోపం తెచ్చుకోవడానికి లేదు. కారు అవతారం అలాగే ఉంది. కొత్తపేట దగ్గర సిటీ బస్సు ఒకటి కుడి పక్కంతా గీరుకుంటూ పోయి రెండేళ్లయింది. చక్రాల మీది రేకు తుప్పు పట్టి గోటితో గీరితే పొడి రాలుతోంది. బానెట్ మీద ఎండకు రంగు పెచ్చులు లేచింది. ఇంజన్ మాత్రం బంగారం, కానీ పెళ్లివాళ్లెవరూ బానెట్ ఎత్తి చూడరు కదా. నలభై రెండు రోజుల సకల జనుల సమ్మె అప్పుడే ముగిసింది. ఆ సమ్మెలో సగం రోజులు బండి ఇంటి ముందే నిలబడింది. ఇప్పుడు నాలుగు కిరాయిలు పడకపోతే మన్సూరాబాద్‌లో ఇల్లు గడవదు.

అయినా మట్టయ్య రంగు మాటెత్తితే నీళ్లు నమిలేవాడు. కారణం డబ్బు కాదు, ఎడమవైపు వెనక డోర్.

ఆ డోర్ మీద ఆకుపచ్చ రంగుతో ‘జై తెలంగాణ’ అని రాసి ఉంది. ఊరంతా తిరిగే కార్ల మీద ఉన్నట్టు దుకాణంలో కొన్న స్టిక్కర్ కాదది. మట్టయ్య కూతురు అరుణజ్యోతి రెండేళ్ల కిందట, బంద్‌ల మీద బంద్‌లు మొదలైన చలికాలంలో, ఇంటి గేటుకు వేయగా డబ్బా అడుగున మిగిలిన ఎనామిల్‌తో రాసింది. డిగ్రీ రెండో సంవత్సరం చదివే పిల్ల. రాతపనిలో ఓనమాలు రావు గానీ ధైర్యానికేం లోటు లేదు. మొదటి అక్షరం చెయ్యంత పెద్దగా మొదలుపెట్టి, పోనుపోను జాగా చాలక చిన్నగా కుదించుకుంటూ వచ్చింది. అయినా చాల్లేదు. ‘జై తెలంగా’ వరకు డోర్ మీద పట్టింది, ‘ణ’ మాత్రం సందు దాటి అవతల చక్రం పైన రేకు మీద పడింది.

“ఏంది బిడ్డా గిది, డోర్ తెరిస్తే తెలంగాణ రెండు ముక్కలైతది గద!” అని నవ్వాడు ఆ రోజు మట్టయ్య.

“మూస్తే మల్ల కలుస్తది నాయినా. నువ్వు డోర్ గట్టిగెయ్యి, అంతే. గిది ఉంటే నీ బండి మీద రాయి పడది.”

రాయి పడలేదు, ఆ మాట నిజమే. మొన్న ఫిబ్రవరిలో రెండు రోజుల బంద్ నాడు ఆ రాతే వాళ్లకు దారి ఇప్పించింది కూడా. ముందురోజు నుంచి జ్యోతికి కడుపునొప్పి. గ్యాసేమోనని వాము నమిలించారు, వేడినీళ్లు తాగించారు. తెల్లారేసరికి పిల్ల ఒళ్లు కాలిపోతోంది, నిలబడలేకపోతోంది. రాములమ్మ ఒడిలో పడుకోబెట్టుకుని వెనక సీట్లో కూర్చుంటే మట్టయ్య బండి తీశాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో టైర్లు తగలబడుతున్నాయి. కట్టెలు పట్టుకుని అడ్డం వచ్చిన పోరగాళ్లు డోర్ మీది రాత చూశారు, లోపలున్న పిల్లను చూశారు. చేతులతో రాళ్లు పక్కకు జరిపారు. ఒకడైతే బైకు తీసి కొత్తపేట దాకా ముందు పోతూ, “జరగున్రి, జరగున్రి, మన బండే” అని అరుస్తూ దారి చేశాడు. అంత బంద్‌లో, మామూలు రోజు కన్నా తొందరగా దవాఖాన చేరారు. కానీ కడుపులో పేగు అప్పటికే పగిలిపోయింది. మూడో రోజు జ్యోతి చనిపోయింది. ఒక్కరోజు ముందు తీసుకొచ్చి ఉంటే, అన్నాడు డాక్టరు. ఆ ఒక్కరోజు వాళ్లు వాము నమిలించిన రోజు.

అప్పటి నుంచి రాములమ్మకు ఒక అలవాటయింది. పొద్దున లేచి వాకిలి ఊడ్చి, చల్లి, తడిగుడ్డ పట్టుకుని కారు దగ్గరికి వస్తుంది. కారంతా తుడవదు, ఆ ఒక్క డోరే తుడుస్తుంది. తర్వాత కాసేపు అక్షరాల మీద అరచెయ్యి ఆనించి నిలబడుతుంది. ఆమెకు చదువు రాదు. ఏ అక్షరం ఏదో తెలియదు. కానీ వేలితో వాటి వెంట పోవడం తెలుసు, ఎక్కడ బ్రష్ ఆగిందో, ఎక్కడ రంగు చుక్క జారితే పిల్ల చున్నీ కొసతో తుడిచిందో వేలికి తెలుసు. ఇంట్లో జ్యోతి ఫోటో ఉంది, పుస్తకాలున్నాయి, బట్టలున్నాయి. వాటిని చూస్తే రాములమ్మ ఏడుస్తుంది. డోర్ దగ్గర మాత్రం ఏడవదు.

రంగు సంగతి మట్టయ్య చివరికి చెప్పినప్పుడు ఆమె తడిగుడ్డ పిండి గేటు మీద ఆరేసింది. తర్వాత అంది, “ఏపియ్యి. తినాలె గద. గని గా డోర్ ముట్టద్దు. మన బిడ్డ రాసిందని జెప్పు ఆయనకు. ఇగ లేదని గూడ జెప్పు. జెప్తే ఎవలైన ఇంటరు.”

“జెప్త,” అన్నాడు మట్టయ్య.

“ఒట్టా?”

“ఒట్టే.”

నాగోల్ వెళ్లే రోడ్డు మీద, ఎల్బీనగర్ దాటగానే రామమోహనరావు షెడ్డు. తణుకు నుంచి వచ్చి పన్నెండేళ్లయింది. అతను మొదట్లో సైన్‌బోర్డులు రాసేవాడు. కంప్యూటర్‌లో కొట్టి ఫ్లెక్సీలు అచ్చేసే రోజులొచ్చాక కుంచె పట్టేవాళ్లందరికీ పని పోయినట్టే అతనికీ పోయింది. అప్పుడు కార్ల మీదికి వచ్చాడు. చేయి మంచిదని పేరు. ఆ చుట్టుపక్కల వాళ్లు ‘ఆంధ్రాయన షెడ్డు’ అంటారు, అందులో చాలావరకు తిట్టేమీ లేదు, గుర్తు చెప్పడమే. కానీ ఈ రెండేళ్లలో ఆ మాట ఎవరి నోట వచ్చినా రామమోహనరావు ఒకసారి తలెత్తి చూస్తున్నాడు.

అతను కారు చుట్టూ తిరిగాడు. వేలి కణుపుతో అక్కడక్కడ కొట్టి, చప్పుడును బట్టి ఎక్కడ రేకుందో, ఎక్కడ పాత పుట్టీ ఉందో తేల్చుకున్నాడు. ఫోన్ తీసి నాలుగు వైపులా ఫోటోలు కొట్టుకున్నాడు. తర్వాత కొందరు వచ్చి ఈ సొట్ట నా బండికి లేదు, నువ్వే పెట్టావని జగడానికి దిగుతారట, అందుకని ఆ జాగ్రత్త.

“ఇరవై రెండవుతుందండీ మట్టయ్యగారూ. కుడివైపు రెండు డోర్లూ సాపు చెయ్యాలి, చక్రాల దగ్గర రేకు కోసి అతకాలి. ఫుల్ బాడీ తెలుపు.”

“గరీబోన్ని రావు సాబ్. జర సూడు.”

చూశాడు. పద్దెనిమిదికి దిగాడు. పద్దెనిమిది వేలంటే మట్టయ్యకు ఒక చిట్టీ ఎత్తుకున్నంత. సరేనన్నాడు.

“ఇంకేమైనా చెప్పాలాండీ?” అని అడిగాడు రామమోహనరావు.

చెప్పాల్సింది ఉంది. ఇంటి నుంచి షెడ్డు దాకా మనసులో వల్లె వేసుకుంటూనే వచ్చాడు. నాకో బిడ్డ ఉండె, చచ్చిపోయింది, గది దాని రాత. అంతే, నాలుగు ముక్కలు. కానీ తొమ్మిది నెలల్లో ఆ మాట మట్టయ్య ఒక్కసారి కూడా తన నోటితో అనలేదు. చావు కబురు బంధువులకు ఫోన్ చేసింది అంతయ్య. కాలేజీకి వెళ్లి చెప్పింది పక్కింటివాళ్లు. ఎదురుగా కంప్రెసర్ దడదడలాడుతోంది. ఈ గోలలో, ముక్కూమొహం ఎరగని మనిషికి, కారు రంగు బేరం మధ్యలో బిడ్డ చావు చెప్పడమేమిటని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. మనిషి పిరికితనానికి ఎప్పుడూ ఏదో ఒక మర్యాద దొరుకుతుంది.

“ఎడమ దిక్కు డోర్ మీద రాత ఉన్నది సూడు,” అన్నాడు. “గది పైలం.”

రామమోహనరావు ఆ డోర్ వైపు చూశాడు. వంగి, వేలితో ముట్టి చూశాడు. తలూపాడు.

“పైలం. అర్థమైందండీ. మీరు నిశ్చింతగా వెళ్లండి, అది నేను స్వయంగా చూసుకుంటాను.”

స్వయంగా అన్న మాట మట్టయ్యకు ఎంతో నచ్చింది. ఇంటికి వెళ్లి రాములమ్మతో, “మంచోడే. జెప్పిన. ఒప్పుకున్నడు,” అన్నాడు. బిడ్డ సంగతి చెప్పలేదన్న సంగతి మాత్రం చెప్పలేదు.

ఎనిమిది రోజులయ్యాక బండి రెడీ అని ఫోన్ వచ్చింది. మట్టయ్య వెళ్లేసరికి కారు షెడ్డు బయట ఎండలో ఉంది. ఒక్క క్షణం తన కారేనని గుర్తుపట్టలేదు. కుడి పక్క గీతల్లేవు, తుప్పు లేదు, తెల్లగా కళ్లు చెదిరేట్టు మెరుస్తోంది. ఈ బండిలో పెళ్లికొడుకేం ఖర్మ, ఎవరైనా కూర్చుంటారు. సంతోషంగా చుట్టూ తిరిగి ఎడమవైపుకు వచ్చాడు.

అటూ తెలుపే. డోర్ మీద ఏమీ లేదు. చక్రం పైన కూడా ఏమీ లేదు.

మట్టయ్యకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. పొరపాటున మళ్లీ కుడివైపుకే వచ్చానేమోనని అటు వెళ్లి చూసి వచ్చాడు. ఈలోగా రామమోహనరావు చేతులు గుడ్డతో తుడుచుకుంటూ నవ్వుతూ వచ్చాడు.

“చూశారాండీ? మీరు మరీ మరీ చెప్పారని ఆ డోర్ పనివాళ్లకి ఇవ్వలేదు. నేనే కూర్చుని గీకాను. రేకు కనిపించే దాకా గీకి, ప్రైమర్ కొట్టి, మళ్లీ గీకి, అప్పుడు రంగు వేశాను. ఒక్క డోరుకే రెండు రోజులు పట్టింది. భూతద్దం పెట్టి వెతికినా ఆనవాలు దొరకదు.”

మట్టయ్య చేయి లేచింది. రామమోహనరావు చొక్కా పట్టుకుని దగ్గరికి గుంజాడు.

“పైలమన్న గద! పైలమని జెప్పిన్నా లేదా నీకు?”

“చెప్పారండీ! చెప్పారు కాబట్టే కదండీ…” రామమోహనరావు మొహంలో నెత్తుటి చుక్క లేదు. “పైలం అంటే జాగ్రత్త అనే కదండీ? రోజూ వింటానే ఉంటాను, పైలంగా పో అంటారు. పచ్చ ఎనామిల్ మీద రంగు కొడితే నాలుగు నెలలకి కింద నుంచి మళ్లీ పైకి ఊరుతుందండీ. అందుకే బండి తెచ్చినవాళ్లందరూ పాత రాత జాగ్రత్త అంటారు. మళ్లీ పైకి తేలకుండా చూడమని. మీరూ అదే అంటున్నారనుకున్నాను.”

“పైలమంటే దాసిపెట్టుమని. కాపాడుమని. గదయ్యా పైలమంటే!”

చేయి దానంతట అదే వదులైంది. ఇంక కొట్టడానికి ఎవరున్నారు? ఆ మనిషి తను చెప్పిన మాటే విన్నాడు, విన్నంత వరకు ప్రాణం పెట్టి చేశాడు. మరో నాలుగు ముక్కలు చెప్పి ఉంటే ఈ పని జరిగేది కాదు. ఆ నాలుగు ముక్కలూ మింగింది తనే.

“ఎవరు రాశారండీ అది?” మెల్లగా అడిగాడు రామమోహనరావు.

“నా బిడ్డ.”

“అయ్యో. ఎంత పని చేశాను! పోనీ ఒక పని చేద్దామండీ. అమ్మాయిని రేపు ఇక్కడికి తీసుకురండి. మంచి పచ్చ రంగు, మంచి బ్రష్ నేనిస్తాను. దగ్గరుండి రాయిస్తాను. ఈసారి ఇంకా బాగా రాస్తుంది. డబ్బులేమీ వద్దు.”

“లేదు,” అన్నాడు మట్టయ్య.

“రానంటుందా? నేనొచ్చి అడుగుతానండీ.”

“బిడ్డ లేదు రావు సాబ్. సచ్చిపోయింది.”

తొమ్మిది నెలలుగా రాని మాట ఎంత సులువుగా వచ్చింది! ఎనిమిది రోజుల ముందు వచ్చి ఉంటే దానికేం పోయేది? రామమోహనరావు అక్కడే కింద, తెరిచిన ప్రైమర్ డబ్బాల పక్కన కూలబడిపోయాడు. రెండు చేతులూ ముందుకు చాపి వాటి వంక చూసుకున్నాడు. గోళ్లలో ఇంకా తెల్లరంగు ఉంది.

అంతలో ఎదుటి పంక్చర్ దుకాణం నుంచి లింగస్వామి వచ్చాడు. అతనిదీ మట్టయ్యలాగే నల్గొండ వైపే. చౌరస్తాలో ఏ ధర్నా జరిగినా ముందు వరసలో ఉంటాడు, మంచివాడే, కానీ అగ్గిపుల్ల గీయకముందే అంటుకునే రకం. వెనక ఇంకో నలుగురు ఉన్నారు. అరుపులు విని వచ్చారు.

“ఏందే మట్టన్నా లొల్లి? అగో, బండి మీద జై తెలంగాణ ఏది? ఉండె గద!” లింగస్వామి డోర్ చూశాడు, కింద కూర్చున్న మనిషిని చూశాడు, తనంతట తనే లెక్క తేల్చేశాడు. “గీయననే చెరిపిండా? అడుగకుంట చెరిపిండా? ఎంత ధైర్యంరా మీకు! మా గడ్డ మీద ఉండి, మా తాన సంపాయించుకుంట, మా పేరే చెరుపుతార్రా?”

రామమోహనరావు లేచి నిలబడ్డాడు. షెడ్డులో మరో మూడు కార్లున్నాయి, నిప్పు తగిలితే భగ్గున మండే థిన్నర్ డబ్బాలున్నాయి. ఆ వచ్చినవాళ్లలో ఒకడి చూపు అప్పుడే ఆ డబ్బాల మీదికి పోయింది. మట్టయ్య అది చూశాడు. ఒక్క మాట చాలు. అవును అంటే చాలు. కడుపు మండిపోతున్న మనిషికి ఆ మాట అనకుండా ఉండడం ఎంత కష్టమో పడ్డవాడికే తెలుసు. కానీ ఆ డోర్ మీద నుంచి బిడ్డను తీసేసింది ఈ మనిషి కాదని అతనికి తెలుసు.

“నేనే చెరుపుమన్న,” అన్నాడు.

“ఏంది?”

“నేనే జెప్పిన. పెండ్లి కిరాయిలకు బండి తెల్లగుండాలె గద.”

లింగస్వామి అతని వంక చూసిన చూపు చెప్పుతో కొట్టినట్టే ఉంది. “కిరాయిల కోసం చెరుపుకున్నవా? థూ. మనోల్లల్ల గూడ నీ అసువంటోల్లు ఉండబట్టే గిట్లున్నది,” అని ఉమ్మి, వచ్చిన దారిన పోయాడు. మిగతావాళ్లూ పోయారు. మట్టయ్య తల వంచుకునే నిలబడ్డాడు. తెలంగాణ కోసం ఎవరెవరు ఏమేం ఇచ్చారో లింగస్వామి లాంటివాళ్లు మైకుల్లో చెప్తూనే ఉంటారు. ఎల్బీనగర్ నడిరోడ్డు మీద తెలంగాణ ద్రోహి అనిపించుకున్నవాడిని మాత్రం ఏ మైకూ పిలవదు.

రామమోహనరావు గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. అన్నాడు, “నా దగ్గర ఫోటో ఉందండీ. పని మొదలుపెట్టే ముందు తీశాను. అక్షరాలన్నీ ఉన్నాయి. ఇరవై ఏళ్లు బోర్డులు రాశాను. వెంట్రుకవాసి తేడా లేకుండా రాసి ఇస్తాను.”

“నువ్వు రాస్తే నా బిడ్డ రాసినట్టెట్లయితది?”

“అవదండీ,” అని ఒప్పుకున్నాడు అతను.

మట్టయ్య తాళం తీసుకుని కారులో కూర్చున్నాడు. స్టార్ట్ చేశాడు కూడా. అప్పుడు వాకిట్లో తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డ రాములమ్మ కళ్లముందు మెదిలింది. తెల్లటి డోర్ ముందు ఆమె. జెప్పినవా, అని అడుగుతుంది. ఏమని జెప్పినవ్, అని అడుగుతుంది. ఇంజన్ ఆపేసి కిందికి దిగాడు.

“రాయి,” అన్నాడు.

ఆ మధ్యాహ్నమంతా అక్కడే గడిచింది. ఫోన్‌లో ఫోటో పెద్దది చేసి పక్కన పెట్టుకుని రామమోహనరావు డోర్ ముందు పీట వేసుకున్నాడు. అతనికొచ్చిన చిక్కు విచిత్రమైనది. అక్షరం గుండ్రంగా, నిండుగా రాయడానికి అలవాటైన చేయి అది. వంకరగా రాయమంటే రావడం లేదు. ‘జై’ రాసి తుడిచేశాడు. మళ్లీ రాసి మళ్లీ తుడిచాడు. మూడోసారి మట్టయ్య పక్కన వచ్చి కూర్చున్నాడు.

“గట్ల కాదు. నిలవడి రాయలేదు అది, మోకాల్ల మీద కూసొని రాసింది. కిందికెల్లి మీదికి గుంజింది.”

రామమోహనరావు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“గీడ ఆగింది. నేను పిలిస్తే ఎనకకు మల్లి సూసింది. గందుకే గా వంకర.”

చెబుతూ పోతుంటే ఆ రోజంతా తిరిగి వచ్చింది. పిల్ల ముక్కు మీద పచ్చరంగు అంటుకోవడం, జాగా చాలదని తెలిసి నాలుక కరుచుకోవడం, జారిన చుక్కను చున్నీతో తుడిస్తే రాములమ్మ తిట్టడం. తొమ్మిది నెలల్లో ఎప్పుడూ బిడ్డను ఇంత దగ్గరగా తలుచుకోలేదు మట్టయ్య. తలుచుకుంటున్నది రాములమ్మను నమ్మించడానికేనని గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయాడు. జారిన చుక్కను కూడా రామమోహనరావు ఒక రంగుబొట్టు వదిలి, గుడ్డ కొసతో తుడిచి చేశాడు. అవతలి రేకు మీద ‘ణ’ రాసి కుంచె కింద పెట్టాక ఇద్దరూ లేచి వెనక్కి జరిగి చూశారు. అచ్చం అదే. చూస్తుంటే భయం వేసేంతగా అదే.

మిగిలిన డబ్బు తీసుకోనని రామమోహనరావు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “నీ పని నువ్వు జేసినవ్,” అని మట్టయ్య నోట్లు కంప్రెసర్ మీద పెట్టి, రంగు ఆరే వరకు ఆగి, బండి తీశాడు.

ఇంటి ముందు హారన్ విని రాములమ్మ బయటికి వచ్చింది. కారు తెలుపు ఆమె చూడనే లేదు. నేరుగా ఎడమవైపుకు వెళ్లింది. మట్టయ్య స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. అద్దంలో ఆమె వేలు కనబడుతోంది. ‘జై’ దగ్గర మొదలై మెల్లగా పోతోంది, చుక్క దగ్గర ఆగింది, కిందికి దిగింది, మళ్లీ పైకి వచ్చింది. సందు దాటింది.

“ఏమయ్యా,” అని పిలిచింది.

అయిపోయింది అనుకున్నాడు మట్టయ్య.

“కొత్తగైనట్టున్నదయ్యా. నిన్ననే రాసినట్టున్నది పిల్ల.” ఆమె మొహం నిండా నవ్వు. బిడ్డ పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. “నువ్వు జెప్పవేమోనని బుగులు పడ్డ. నీకు నోరు రాదు గద. ఎంత మంచిగ జెప్పినవో, గాయన ఎంత మంచిగ ఇన్నడో!”

నిజం చెప్పడానికి అదొక్కటే సమయం. మట్టయ్యకు తెలుసు. ఆ నవ్వు చూశాక చెప్పలేకపోయాడు. ఈసారి అది పిరికితనమో, జాలో అతనికే తేలలేదు.

కార్తీకం అంతా కిరాయిలు బాగానే దొరికాయి. ప్రతి పొద్దునా రాములమ్మ డోర్ తుడుస్తూనే ఉంది, అరచెయ్యి ఆనించి నిలబడుతూనే ఉంది. ఇదివరకు మట్టయ్య కూడా చాయ్ గ్లాసు పట్టుకుని అక్కడే అరుగు మీద కూర్చునేవాడు. ఇప్పుడు ఆ వేళకు ఏదో పని కల్పించుకుని లోపలికి పోతున్నాడు. ఆమె ముట్టుకుంటున్నది ఎవరి రాతనో తెలిసిన మనిషి ఆ ఇంట్లో తనొక్కడే. బిడ్డ పోయిన దుఃఖమైనా ఇద్దరూ పంచుకున్నారు, దీన్ని పంచుకోవడానికి ఎవరూ లేరు.

ఒక ఆదివారం రాములమ్మ సర్వపిండి చేసి టిఫిన్ డబ్బాలో పెట్టింది. పెయింటు ఆయనను చూడాలి, తీసుకుపొమ్మంది. మట్టయ్య ఎన్ని సాకులు చెప్పినా వినలేదు. షెడ్డు ముందు కారు ఆగగానే రామమోహనరావు చూసి లేచి నిలబడ్డాడు. దిగుతున్నది ఎవరో ఎవరూ చెప్పకుండానే అతనికి అర్థమైంది.

“నువ్వేనా అన్నా?” రాములమ్మ డబ్బా అతని ముందు పెట్టింది. “మా ఇంటి పిండి. తిను. నీకు నేనేమియ్యగల్గుత? ఊరంతటి బండి తెల్లగ జేసి, నా బిడ్డ రాసిన కాడ ఇంత మచ్చ గూడ పడకుంట కాపాడినవ్. సొంత అన్నైనా గంత సూడడు.”

అతను చేతులు చాటు చేసుకోబోయాడు. ఆమె ఆ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

“నీ చేతులు సల్లగుండ.”

రామమోహనరావు మట్టయ్య వైపు చూశాడు. చెప్పేయమంటారా అని అడుగుతున్న చూపు అది. మట్టయ్య తల అడ్డంగా ఊపాడు.

“గీ రంగు ఎన్నేండ్లుంటదన్నా?”

“ఐదారేళ్లు ఉంటుందమ్మా.”

“మల్ల ఏపియ్యాల్నంటే మల్ల నీ తానికే తెస్తం. నువ్వు కాకుంట ఇంకెవల చేతుల పెట్టం. వేరేటోల్లకేం ఎరుక? చెరిపేస్తరు.”

“అలాగేనమ్మా,” అన్నాడు రామమోహనరావు. మొహం అవతలికి తిప్పుకున్నాడు గానీ భుజాలు ఎగిరిపడుతున్నాయి. అది చూసి ఇన్నాళ్లూ బిగబట్టుకున్న మట్టయ్య కూడా కారు మీద తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

రాములమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఇద్దరు మగవాళ్లను అలా ఏడిపించినందుకు నొచ్చుకుని, కొంగుతో ముందు భర్త కళ్లు తుడిచింది. తర్వాత రామమోహనరావు దగ్గరికి వెళ్లింది.

“ఊకోన్రి. గట్ల ఏడ్వద్దు. బిడ్డ యాడికి పోయింది? గీడనే ఉన్నది గద,” అని ఆకుపచ్చ అక్షరాల మీద చెయ్యి వేసి చూపించింది.

ఇద్దరూ అవునన్నట్టు తలూపారు.